ఉప్పుటేటికి ఒక కాపలాదారు



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని మన కార్యదర్శిగారు కోరినప్పుడు, పత్తి గురించో, మిరప గురించో రాద్దామనుకున్నాను. మన గుంటూరు, ప్రకాశం జిల్లాల పేరు చెబితే ఎవరికైనా ముందు గుర్తుకు వచ్చేవి అవే. అయితే మన మెట్టకు, మాగాణికి తూర్పున సముద్రం కూడా ఉన్నదని, దాని కథ కూడా మన కథేనని చాలామంది మరచిపోతున్నారు. రెవెన్యూ శాఖలో ముప్పై అయిదేళ్ళు పనిచేసి, అందులో ఎక్కువ కాలం తీర ప్రాంతపు తాలూకాల్లోనే గడిపినవాణ్ణి కనుక, ఆ తీరాన్ని కాపాడటానికి ఒక ప్రభుత్వ అథారిటీ ఏర్పడిన వైనాన్ని నాకు తెలిసినంతవరకు మనవి చేస్తాను.

కృష్ణ సముద్రంలో కలిసేచోటు నుంచి చీరాల దిశగా వంపు తిరిగిన తీరాన్ని నిజాంపట్నం అఖాతం అంటారు. ఈ తీరం మీద ప్రభుత్వాల చూపు కొత్తది కాదు. మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయ శాసనం చరిత్ర చదివిన వారందరికీ విదితమే. తుపానుకు ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు స్వాధీనం చేసుకునేవారు. ఆ పద్ధతిని మాని, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటామని ఆయన వర్తకులకు మాట ఇచ్చాడు. తరువాత 1606లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు నిజాంపట్నంలో దిగారు. 1877-78 కరువు రోజుల్లో కూలీల చేత తవ్వించిన భాగాలతో కలిసి బకింగ్‌హాం కాలువ మన పెదగంజాం దాకా వచ్చింది. చినగంజాం ఉప్పుమళ్ళ సంగతి చెప్పనవసరం లేదు. అయితే ఇన్ని వందల ఏళ్ళలోనూ ప్రభుత్వం చూసింది సుంకాన్ని, ఉప్పును, రవాణానే. ఉప్పుటేరు బాగున్నదా, మడ అడవి నిలిచి ఉన్నదా అని అడిగే అధికారి లేడు. అడగవలసిన అవసరమూ అప్పటికి రాలేదు.

ఆ అవసరాన్ని మొదట గుర్తు చేసింది 1977 నవంబరు 19 నాటి ఉప్పెన. చీరాల దగ్గర తీరం దాటిన ఆ తుపాను దివిసీమను ఊడ్చిపెట్టింది. మన రేపల్లె, బాపట్ల ప్రాంతాలనూ వదలలేదు. మృతులు పదివేలకు పైనే అన్నారు. ఉద్యోగంలో చేరి ఏడాది అయినా నిండని నేను సహాయక విధుల మీద రేపల్లె వైపు వెళ్ళాను. అక్కడ చూసినవి ఇక్కడ రాయను. ఆ తరువాతే తీరం వెంట సరుగుడు తోటలు విరివిగా నాటించారు. సముద్రానికి, ఊరికి నడుమ ఏదో ఒక పచ్చని అడ్డు ఉండాలన్న మాట సర్కారు కాగితాల్లోకి అప్పుడు ఎక్కింది.

1981లో ప్రధాని ఇందిరాగాంధీ తీర రాష్ట్రాల ముఖ్యమంత్రులకు లేఖ రాస్తూ, పోటు గీత నుంచి 500 మీటర్ల వరకు ఎలాంటి కట్టడాలూ రానీయవద్దని కోరారు. ఆ లేఖలోని మాటకు చట్టబలం రావటానికి పదేళ్ళు పట్టింది. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1991 ఫిబ్రవరి 19న కోస్తా నియంత్రణ మండలి నోటిఫికేషన్ వెలువడింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన తీరానికి రొయ్య వచ్చింది. అది ఎందుకంత వేగంగా వచ్చిందో తెలియాలంటే మళ్ళీ పత్తి దగ్గరికే పోవాలి. 1980ల్లో నల్లరేగడి నేలల్లో పత్తి తెల్ల బంగారం అనిపించుకుంది. మందు మీద మందు కొట్టారు. పురుగు మందుకు అలవాటుపడింది, తెల్లదోమ విజృంభించింది. 1987-88లో మన రెండు జిల్లాల్లో పత్తిరైతుల ఆత్మహత్యలు దేశమంతటినీ కదిలించాయి. అప్పుల్లో ఉన్నవాడికి, అయిదు నెలల్లో పంట చేతికి వచ్చి ఎకరాకు లక్షలు మిగులుతుందన్న టైగర్ రొయ్య మాట దేవుడి మాటలాగే వినిపించింది. నిజాంపట్నం, బాపట్ల నుంచి కొత్తపట్నం, ఆ కింద నెల్లూరు దాకా ఉప్పుటేళ్ళ పక్కన చెరువులు లేచాయి.

నేనూ అందుకు మినహాయింపు కాదు. 1993లో మా బావమరిది చెరువులో పాలు కోసం ప్రావిడెంటు ఫండు అప్పు తీసి ఇచ్చాను. మొదటి పంటకు వచ్చిన లాభంతో మా అమ్మాయి పెళ్ళికి నగలు చేయించాం. రెండో పంటకు రొయ్యపిల్ల పోసిన కొన్ని వారాలకే గట్ల వెంట ఎర్రబడిన రొయ్యలు తేలాయి. పెంకు మీద తెల్లమచ్చలు. 1994 చివర, 1995లో ఆంధ్ర తీరాన్ని చుట్టబెట్టిన వైరస్ అది. ఆ అప్పు వాయిదాలు నా జీతంలో చాలాకాలం విరిగాయి. అంతకంటె నాకు మిగిలిన బాధ వేరే ఉంది. చెరువు పక్కన మా అత్తవారి దిగుడుబావి ఉండేది, వీధి వీధంతా తాగిన నీరు అది. మూడేళ్ళలో ఆ నీళ్ళు నోట పోసుకోవటానికి వీలు లేకుండా ఉప్పెక్కాయి. మా అత్తగారు బతికినన్నాళ్ళూ ఆ మాట నన్ను నేరుగా అనలేదు. బిందె పట్టుకుని రెండు ఫర్లాంగులు నడిచి వెళ్ళేది, అంతే.

దీనిలో ఉన్న చిక్కు ఏమిటంటే, ఉప్పుటేరు ఒక్కటే, దాని మీద ఆధారపడ్డ చెరువులు వందలు. ఒకడు మేత, మందు, మలినంతో నిండిన నీటిని ఏటిలోకి వదిలితే, ఆ నీటినే పొరుగువాడు మోటారు పెట్టి తోడుకుంటాడు. జబ్బు కూడా దానితోనే పోతుంది. ఉప్పదనం తగ్గించటానికి బోర్లు వేసి మంచినీరు తోడితే, ఖాళీ అయిన చోటికి సముద్రపు నీరు లోపలికి జరుగుతుంది. ఏ ఒక్క రైతు మంచివాడైనా ఈ చిక్కు విడదు. అందరి మీదా చూపు ఉండే ఒక సంస్థ కావాలి.

తమిళనాడుకు చెందిన గాంధేయవాది, గ్రామస్వరాజ్య ఉద్యమ నాయకులు ఎస్. జగన్నాథన్ 1994లో సుప్రీంకోర్టు తలుపు తట్టారు. 1996 డిసెంబరు 11న జస్టిస్ కుల్దీప్ సింగ్, జస్టిస్ సగీర్ అహ్మద్‌ల ధర్మాసనం తీర్పు చెప్పింది. కోస్తా నియంత్రణ మండలిలో సంప్రదాయ పద్ధతివి తప్ప మిగిలిన రొయ్యల చెరువులను 1997 మార్చి 31లోగా తొలగించాలన్నది. సాగుభూములు, ఉప్పుమళ్ళు, మడ అడవులు, గ్రామ ఉమ్మడి భూములు చెరువులుగా మారరాదన్నది. చిల్కా, పులికాట్ సరస్సులకు 1000 మీటర్ల లోపు చెరువులు ఉండరాదన్నది. పాడుచేసినవాడే పరిహారం కట్టాలన్నది. వీటన్నిటి అమలుకు హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి అధ్యక్షతన ఒక అథారిటీని వేయాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ ప్రకారం 1997 ఫిబ్రవరిలో ఆక్వాకల్చర్ అథారిటీ ఏర్పడింది.

మిత్రులారా, ఇక్కడే మనవంటి సర్కారు ఉద్యోగులకు బాగా తెలిసిన ఘట్టం మొదలవుతుంది. ఉత్తర్వు రావటం వేరు, అది నేల మీద అమలు కావటం వేరు. పునర్విచారణ పిటిషన్లు పడ్డాయి, కూల్చివేత ఆగింది. చెరువుల మీద బతికే కూలీలు, అప్పులిచ్చిన బ్యాంకులు, ఎగుమతుల డాలర్లు అన్నీ అడ్డు నిలిచాయి. వారి గోడును తేలికగా తీసిపారేయలేము. ఆ కుటుంబాల్లో మనవీ ఉన్నాయి.

చివరకు 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. పోటు గీత నుంచి రెండు కిలోమీటర్ల లోపు చెరువులన్నీ రిజిస్టరు కావాలి. 200 మీటర్ల లోపు కొత్త చెరువులకు అనుమతి లేదు. అయితే ఆ చట్టమే 1991 నోటిఫికేషన్‌లోని నిషేధం నుంచి రొయ్యల సాగును వెనుకటి తేదీతో మినహాయించింది. 2009 నుంచి వనామి రొయ్య దిగుమతికి అనుమతులు వచ్చాయి, టైగర్ వెనుకబడింది. 2020లో మన రాష్ట్రం తన సొంత ఆక్వాకల్చర్ అథారిటీకి చట్టం చేసుకున్నది. 2023 సవరణతో కేంద్ర చట్టంలో జైలుశిక్షలు పోయి జరిమానాలు మిగిలాయి. కాపలాదారుగా పుట్టిన అథారిటీ ఇలా మెల్లగా లైసెన్సులిచ్చే ఆఫీసు వైపు ఒరిగిందని నా అభిప్రాయం. అయినా అది లేని కాలం కంటె ఉన్న కాలమే మేలు. అంతకుముందు బావి ఉప్పెక్కితే ఎవరికి అర్జీ పెట్టాలో కూడా తెలిసేది కాదు.

కాపాడటం ఒక ఎత్తు, పాడైనదాన్ని తిరిగి నిలబెట్టటం ఇంకొక ఎత్తు. అది సాధ్యమేనని పొరుగున ఒడిశా చూపించింది. చిల్కా కోసమే 1991లో ఒక అభివృద్ధి అథారిటీని వేశారు. పూడికతో సముద్రంతో సంబంధం తెగిపోతున్న సరస్సుకు 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తెరిచారు. ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా నుంచి 2002లో చిల్కా పేరు తొలగించారు. ఒకే నీటికి ఒకే యజమాని ఉండి, పని చేసే అధికారం, డబ్బు రెండూ ఉండటం అక్కడి రహస్యం.

మనకూ అలాంటి చిన్న ఉదాహరణ ఉంది. కృష్ణా, గోదావరి మడ అడవుల్లో అటవీశాఖ, స్వామినాథన్ పరిశోధనా సంస్థ కలిసి గ్రామస్థుల వన సంరక్షణ సమితులతో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వించాయి. చెట్లు పోయిన చోట నేల పల్లమై, పోటునీరు నిలిచి ఆవిరై ఉప్పు పేరుకుంటుంది. కాలువ ఉంటే పోటుకు వచ్చిన నీరు పాటుకు వెనక్కి పోతుంది. ఉప్పు కడిగిన నేలలో మడ మొక్క మళ్ళీ వేరు పట్టింది. దీనికి తెలివి, పలుగు పార, ఓపిక చాలు.

2022లో బాపట్ల జిల్లా ఏర్పడిన తరువాత నిజాంపట్నం నుంచి చినగంజాం దాకా తీరం ఒకే కలెక్టరుగారి కిందికి వచ్చింది. జిల్లాస్థాయి ఆక్వా కమిటీకి కలెక్టరే అధ్యక్షులు. మన సంఘ సభ్యుల్లో రెవెన్యూ, నీటిపారుదల, మత్స్య, పంచాయతీ శాఖల్లో తలపండినవారు ఎందరో ఉన్నారు. ఏ చెరువు రిజిస్టరు అయింది, ఏ డ్రైను ఏ ఏటిలో కలుస్తుంది, ఏ బావి నీరు చెడింది అన్నది మనకంటె బాగా రాయగలవారు లేరు. ఏడాదికి ఒక్కసారి, తీర గ్రామాల్లో ఉన్న సభ్యులు తమ ఊరి తాగునీటి స్థితిని ఒక కాగితం మీద రాసి కమిటీకి ఇస్తే, అది సంఘం చేయగల మంచి పని అవుతుంది.

మా అత్తగారి బావిని పూడ్చివేసి చాలా ఏళ్ళయింది. మొదటి కాగితం ఆ బావి గురించి నేనే రాసి ఇస్తాను.