తెలుగువారి ఇంటి పొగాకు పాళ్లు: చారిత్రక పరిశీలన

సారాంశం

పొగాకును తన రుచికి తగినట్లు ఇంట్లోనే పదును చేసి, పాళ్లు కలిపి వాడుకోవడం తెలుగునాట మూడు శతాబ్దాలకు పైగా సాగిన అలవాటు. చుట్ట, చిలుము, హుక్కా, ముక్కుపొడుం, తాంబూలం అనే అయిదు రూపాల్లోనూ ఈ కలుపుకోలు కనిపిస్తుంది. ఇరవయ్యో శతాబ్దంలో ఆకు మేలురకాన్ని నిర్ణయించే అధికారం ఇంటి నుంచి కంపెనీకి, కంపెనీ నుంచి రాజ్యానికి చేరింది. ఈ మార్పును, దానితో పాటు ఆ అలవాటు మనుషుల ఒంటిపై మిగిల్చిన గుర్తులను కలిపి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: పొగాకు, చుట్ట, లంకాకు, గుడాకు, ముక్కుపొడుం, వర్జీనియా, అడ్డపొగ

1. ఉపోద్ఘాతం

రకరకాల ఆకులను కొలిచి కలిపి, తన పైపుకు తానే మిశ్రమం సిద్ధం చేసుకోవడం పాశ్చాత్య దేశాల్లో ఒక సరదాగా పేరుపొందింది. తెలుగు సమాజంలో పైపు వాడకం తక్కువ. అయితే ఆ సరదాకు మూలమైన పని, అంటే ఘాటును, వాసనను, మంట నిలకడను తన నోటికి తగినట్లు సవరించుకోవడం, తెలుగు ఇళ్లలో పెరటిపనుల్లో ఒకటిగా ఉండేది. దానికి పుస్తకం లేదు, తూకం లేదు. వేళ్లతో నలిపి చూడటం, ముక్కుతో వాసన పట్టడం, నాలుకతో రుచి తెలుసుకోవడం దాని కొలమానాలు.

పొగాకు చరిత్రను పరిశోధకులు ఎక్కువగా పంటగా, ఎగుమతి సరుకుగా, పన్ను వనరుగా చూశారు. ఇంటి పాళ్లు ఆ లెక్కల్లోకి రాలేదు. అవి లెక్కకు అందకపోవడానికి కారణం ఏమిటి, అవి కనుమరుగైన క్రమం ఏమిటి అన్నవి ఇక్కడి ప్రధాన ప్రశ్నలు.

2. ఆకు రాక, మాటల పుట్టుక

పొగాకు అమెరికా ఖండాల మొక్క. పోర్చుగీసు నౌకల ద్వారా పదహారో శతాబ్దంలో భారతదేశపు పడమటి తీరానికి చేరింది. దక్కనులో అది త్వరగా వ్యాపించింది. అక్బరు కొలువులోని అసద్ బేగ్ బిజాపూరులో పొగాకును చూసి, దానిని రత్నాలు పొదిగిన గొట్టంతో సహా ఆగ్రాకు తీసుకువెళ్లాడు. ఇది 1604-05 ప్రాంతపు సంగతి. వైద్యులు వారించినా వాడకం ఆగలేదు. 1617లో జహంగీరు నిషేధించినా ఫలితం లేకపోయింది. ఉత్తరాదికి పొగాకు దక్కను మీదుగా చేరిందన్న ఈ సంగతి తెలుగు ప్రాంత చరిత్రకు ముఖ్యమైనది.

కొత్త వస్తువుకు తెలుగువారు అరువు మాట తెచ్చుకోలేదు. ‘పొగ’, ‘ఆకు’ అనే రెండు పాతమాటలను జోడించి ‘పొగాకు’ అన్నారు. తమిళంలోని ‘పుగైయిలై’, కన్నడంలోని ‘హొగెసొప్పు’ కూడా ఇదే పద్ధతిలో ఏర్పడ్డాయి. ‘చుట్ట’ అనే నామం ‘చుట్టు’ అనే క్రియతో ముడిపడి ఉంది. అంటే వస్తువు పేరులోనే దాన్ని చేసే పని ఉంది. తమిళ ‘సురుట్టు’ పోర్చుగీసువారి నోట పడి, అక్కడి నుంచి ఇంగ్లీషులో ‘చెరూట్’ అయింది. 1669-79 మధ్య బంగాళాఖాత తీర ప్రాంతాల్లో తిరిగిన థామస్ బౌరీ అనే ఆంగ్ల వర్తకుడు, పేదజనం ఆకును నేరుగా చుట్టి ఒక కొసను వెలిగించి, రెండో కొసను పెదవుల మధ్య పెట్టుకొని పీల్చడాన్ని వర్ణించాడు. పోర్చుగీసువారు దాన్ని చెరూటా అంటారనీ రాశాడు. గొట్టం గాని గిన్నె గాని అక్కరలేకుండా ఆకే పరికరమైన పద్ధతి ఇది.

ఈ మాటల ప్రయాణంలో తెలుగు నేల దక్షిణపు కొసను ప్రత్యేకంగా గమనించాలి. పుత్తూరు, నగరి, నారాయణవనం ప్రాంతాలు 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. అరక్కోణం నుంచి రేణిగుంటకు వెళ్లే రైలుమార్గంపై ఉన్న పుత్తూరులో తెలుగు, తమిళం రెండూ వినిపిస్తాయి. చుట్ట, సురుట్టు అనే జంట మాటలు పక్కపక్కనే బతికిన నేల ఇది. ప్రపంచానికి పేరునిచ్చినది ఈ దక్షిణపు పలుకుబడి అయితే, పేరున్న ఆకును ఇచ్చినది ఉత్తరాన ఉన్న గోదావరి డెల్టా. గోదావరి పాయల నడుమ ఉన్న లంకల్లో పండిన ఆకుతో చేసిన ఘాటైన చుట్టను మద్రాసు రాజధానిలో ‘లంకా’ అనేవారని 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు నమోదు చేసింది. 1890లో వచ్చిన ‘ద సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో షెర్లాక్ హోమ్స్ బూడిదను బట్టి పొగాకు రకాన్ని గుర్తుపట్టడం గురించి చెబుతూ ఈ లంకా చుట్టను ప్రస్తావిస్తాడు. గోదావరి ఒండ్రుమట్టి గుణం లండను కథలో ఆనవాలుగా నిలిచింది.

3. ఇంటి పాళ్లు: బెల్లం, సున్నం

నాటు పొగాకు ఎండలోను, నీడగాలిలోను ఆరే ఆకు. ఆరిన ఆకు పెళుసుగా ఉంటుంది. ముట్టుకుంటే పొడి అవుతుంది. అందువల్ల మంచుకు మెత్తబడ్డ వేళ, తెల్లవారుజామున దానిని తీసి కట్టలు కట్టేవారు. తరువాత మండె వేసి, లోపలి వేడికి ఆకు చెడకుండా అప్పుడప్పుడు తిప్పేవారు. మండెలో ఆకు మగ్గి, పచ్చివాసన పోయి, రంగు ముదురుతుంది. ఇంతవరకు రైతు పని.

ఇక్కడి నుంచి కాల్చేవాడి పని మొదలవుతుంది. ఈనె తీయడం, మందపాటి ఆకును లోపలికి, పలుచని చిరగని ఆకును పైచుట్టుకు ఎంచుకోవడం, ఘాటు ఎక్కువైతే సాదా ఆకు కలపడం, బెల్లంనీళ్లు చిలకరించి మూటగట్టి ఉంచడం ఇందులోని మెట్లు. అడవి ప్రాంతాల్లో మోదుగాకు వంటివి పైచుట్టుగా పనికివచ్చేవి. హుక్కాకు, చిలుముకు పొగాకును బెల్లంతో దంచి ముద్ద చేసేవారు. దానినే గుడాకు అన్నారు. సంపన్నుల హుక్కాకు సుగంధద్రవ్యాలు చేర్చి పులియబెట్టిన ఖమీరా ఉండేది. ముక్కుపొడుం కోసం ఆకును వెచ్చజేసి మెత్తగా నూరి నెయ్యి, సున్నం చేర్చేవారు. తాంబూలంలో ఆకు, వక్క, సున్నంతో పాటు పొగాకు కాడను తుంచి వేసుకునేవారు. అక్కడ పాళ్లు కలిసేది నోట్లోనే.

ఈ పాళ్ల వెనుక ఒక రసాయన సూత్రం ఉంది. నికోటిన్ క్షారస్వభావం గల పదార్థం. పరిసరాల్లో క్షారత పెరిగితే అది స్వేచ్ఛారూపంలోకి మారి నోటి పొర, ముక్కు పొర గుండా త్వరగా నెత్తుటిలో కలుస్తుంది. ఆమ్లత పెరిగితే లవణరూపంలో నిలిచి నెమ్మదిస్తుంది. సున్నం మొదటి పని చేస్తుంది. బెల్లంలోని చక్కెర కాలినప్పుడు ఏర్పడే ఆమ్లాలు రెండో పని చేసి పొగ కరుకుదనాన్ని తగ్గిస్తాయి. గాలికి, ఎండకు ఆరిన ఆకులో చక్కెర తక్కువ కనుక చుట్ట పొగకు క్షారస్వభావం ఎక్కువ. అందుకే చుట్ట కాల్చేవారు పొగను గుండెల దాకా లాగకుండానే మత్తు పొందగలిగారు. పొడుంలో సున్నం, గుడాకులో బెల్లం చేరడం యాదృచ్ఛికం కాదు. ఘాటును పెంచే దినుసును, దించే దినుసును ఇంటివారు అనుభవంతోనే వేరుచేసి తెలుసుకున్నారు.

సాహిత్యం కూడా దీనికి సాక్ష్యమిస్తుంది. 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో మారురూపం పొందిన ‘కన్యాశుల్కం’లో గిరీశం శిష్యుడు వెంకటేశానికి చదువు కన్న ముందు చుట్టను అలవాటు చేస్తాడు. చుట్ట గొప్పదనాన్ని నిరూపించడానికి పురాణాన్నీ ఇంగ్లీషు నాగరికతనూ ఒకే ఊపులో సాక్ష్యానికి పిలుస్తాడు. పల్లెవాడి పెరటి వస్తువు ఇంగ్లీషు చదివిన యువకుడి దర్పానికి గుర్తుగా మారిన సంధికాలాన్ని గురజాడ హాస్యంతో పట్టుకున్నారు.

4. తీర్పరి మారిన వైనం

1910లో కలకత్తాలో ఇంపీరియల్ టొబాకో కంపెనీ ఏర్పడింది. 1912లో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ మొదలైంది. చీరాల దానికి ముఖ్య కేంద్రమైంది. 1920లలో గుంటూరు ప్రాంతంలో వర్జీనియా రకం సాగు, బ్యారన్లలో గొట్టాల వేడితో ఆకును పండించే పద్ధతి స్థిరపడ్డాయి. వర్జీనియా ఆకులో చక్కెర ఎక్కువ. దాని పొగ ఆమ్లస్వభావం గలది కనుక ఊపిరితిత్తుల్లోకి లాగితే తప్ప తృప్తి కలగదు. సిగరెట్టుకు కావలసినది ఆ ఆకే. పొగ నోటి నుంచి ఊపిరితిత్తులకు మళ్లడం వెనుక ఆకు రకంలో వచ్చిన ఈ మార్పు ఉంది.

నాటు ఆకుకు పందిరి, ఎండ, చేతి ఒడుపు చాలు. వర్జీనియా ఆకుకు బ్యారను, వంటచెరకు, అప్పు, కొనుగోలుదారు కావాలి. పెరట్లో పండించి ఇంట్లో కలుపుకొనేందుకు అది లొంగే ఆకు కాదు. ఆకు మంచిచెడ్డలు తేల్చే మాట కాల్చేవాడి నుంచి గ్రేడు వేసే ఉద్యోగికి చేరింది. ఒకప్పుడు ‘నాకు నచ్చిందా’ అన్నది ప్రశ్న. ఇప్పుడు ‘ఏ గ్రేడు పడింది’ అన్నదే ప్రశ్న అయింది.

రాజ్యం కూడా ఈ క్రమంలో ప్రవేశించింది. 1943లో పొగాకుపై కేంద్ర ఎక్సైజు సుంకం వచ్చింది. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ నెలకొంది. 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు పనిచేయడం మొదలైంది. ఈ సంస్థల పత్రాల్లో ఎకరాలు, కిలోలు, ధరలు ఉన్నాయి. ఇంటి పాళ్లకు కొలత లేదు కాబట్టి ఆ పత్రాల్లో చోటు లేకపోయింది.

5. ఒంటిపై మిగిలిన చరిత్ర

పరిపాలనా పత్రాలు వదిలేసిన ఇంటి చుట్టను వైద్య పత్రాలు నమోదు చేశాయి. ఉత్తర కోస్తాలో, ముఖ్యంగా స్త్రీలలో, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకొని కాల్చే అడ్డపొగ అలవాటు ఉంది. దీనికీ అంగిటి క్యాన్సరుకూ గల సంబంధాన్ని 1945లో ఖానోల్కర్, సూర్యాబాయి ప్రకటించారు. 1971లో పిండ్‌బోర్గ్ బృందం 10,169 మంది గ్రామీణులను పరీక్షించి అంగిటి మార్పులను వివరించింది. పెరటి ఆకుతో ఇంట్లో చుట్టుకున్న చుట్ట గురించి మనకు దొరికే అతి వివరమైన ఆధారాలు ఇవే. ఆ స్త్రీలు ఆకును ఎలా ఎంచారో, ఎలా చుట్టారో ఎవరూ రాసుకోలేదు. వారి అంగిట్లో మచ్చలను మాత్రం కొలిచి రాశారు.

తాంబూలపు పాళ్లకూ ఇలాంటి గతే పట్టింది. వక్క, సున్నం, పొగాకు కలయికను కర్మాగారం చిన్న పొట్లంలోకి ఎక్కించి గుట్కాగా అమ్మింది. ఆహారంలో పొగాకు ఉండరాదన్న 2011 నాటి నిబంధన ఆధారంగా రాష్ట్రాలు దాన్ని నిషేధించాయి. పొగాకు లేకున్నా వక్క కలిసిన తాంబూలం క్యాన్సరు కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రచురించింది. కనుక ఇంట్లో కలిపింది మేలు, కంపెనీ కలిపింది కీడు అనే విభజన నిలవదు. ఘాటును సున్నంతో పెంచిన నేర్పూ, నోటిపొరను దెబ్బతీసిన కారణమూ ఒకే చర్యలో ఉన్నాయి.

6. ముగింపు

ఇంటి పొగాకు పాళ్లు తెలుగువారి అనుభవజ్ఞానంలో భాగం. వాటిని కేవలం వ్యసనంగా కొట్టివేస్తే ఆకును చదివిన వేళ్ల తెలివి చరిత్రకు దక్కదు. కేవలం కళగా మెచ్చుకుంటే ఆ తెలివికి మూల్యం చెల్లించిన స్త్రీల నోళ్లను మరచినట్లవుతుంది. ఈ రెండింటినీ ఒకే కథనంలో ఉంచడం చరిత్ర రచన బాధ్యత.

దీనికి సంబంధించిన పదజాలం వేగంగా జారిపోతున్నది. మండె, ఈనె, కాడ, పదును, గుడాకు వంటి మాటలు తెలిసిన తరం వృద్ధాప్యంలో ఉంది. గోదావరి లంకల్లో, ఉత్తరాంధ్ర పల్లెల్లో, రెండు భాషలు కలిసే పుత్తూరు వంటి దక్షిణ సరిహద్దు ఊళ్లలో ఈ మాటలను, వాటితో ముడిపడిన పనులను, వాటి వల్ల కలిగిన జబ్బుల జ్ఞాపకాలను ఒకే ప్రశ్నావళితో సేకరించవలసి ఉంది. చుట్ట ఎలా చుట్టారని అడిగిన పరిశోధకుడు, ఆ ఇంట్లో ఎవరి నోరు పుండైందని కూడా అడిగినప్పుడే ఆ సేకరణ పూర్తవుతుంది.