శెనక్కాయ చేలో రేడియో పెట్టెలు: చెన్నకేశవపురం ప్రయోగం మనకు ఏం చెప్పింది?

పావగడ అనగానే ఇప్పుడు బయటివాళ్లకు గుర్తొచ్చేది తిరుమణి చుట్టుపక్కల 13,000 ఎకరాల్లో పరుచుకున్న సోలార్ పార్కు. దాని సామర్థ్యం 2,050 మెగావాట్లు. 2018లో ఆ పార్కు మొదటి దశ ప్రారంభం కావడానికి పదేళ్లకు పైగా ముందే ఇదే తాలూకాలోని చెన్నకేశవపురంలో ఇంకో ప్రయోగం జరిగింది. అందులో లెక్క మెగావాట్లలో కాదు, మిల్లీవాట్లలో. నేలలో పదును ఎంత ఉందో కొలిచి, తీగ లేకుండా ఆ సంగతిని ఊళ్లోని కంప్యూటరుకు పంపే చిన్న చిన్న పెట్టెల ప్రయోగం అది. పల్లె సేద్యానికి వైర్‌లెస్ సెన్సర్లు పనికొస్తాయా అని ప్రపంచంలో తొలినాళ్లలో పరీక్షించిన చోట్లలో మన తాలూకా ఒకటి. ఈ సంగతి మన ఇళ్లలో చాలామందికి తెలియదు.

ఎవరు చేశారు?

ప్రయోగం పేరు కామన్‌సెన్స్ నెట్. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, స్విట్జర్లాండ్‌లో లోజాన్ నగరంలోని ఫెడరల్ సాంకేతిక సంస్థ కలిసి చేశాయి. బెంగళూరు వైపు నుంచి హెచ్.ఎస్. జమదగ్ని, టి.వి. ప్రభాకర్, స్విట్జర్లాండ్ వైపు నుంచి జాన్ పియర్ యుబో, జాక్ పాన్షార్ పనిచేశారు. శెనక్కాయ పంట, వానల తీరు మీద అంతకు ముందు నుంచే పరిశోధన చేస్తున్న శేషగిరి రావు వీళ్లతో కలిశారు. తొలి వివరాలు 2006లో, మరింత పూర్తి వ్యాసం 2007లో వచ్చాయి. పాన్షార్ 2008లో లోజాన్‌లో సమర్పించిన డాక్టరేట్ పరిశోధన కూడా భారతదేశంలోని చిన్న రైతులకు వైర్‌లెస్ సెన్సర్లు అనే విషయం మీదే.

ఈ రెండు దేశాల పొత్తు కొత్తది కాదు. విజ్ఞాన సంస్థలో ఎలక్ట్రానిక్స్ డిజైన్ కేంద్రం 1974లో స్విస్ సహకారంతోనే ఏర్పడింది.

పావగడే ఎందుకు?

మూడు పక్కలా ఆంధ్ర సరిహద్దు, ఎర్ర నేలలు, ఏడాదికి 500–600 మిల్లీమీటర్ల మధ్య వాన, అదీ ఎప్పుడు పడుతుందో తెలియని వాన. మెట్టలో ప్రధానంగా శెనక్కాయ. ఈ పంటకు మొత్తం ఎంత వాన పడిందన్న దానికంటే ఎప్పుడు పడిందన్నదే ముఖ్యం. పూత పట్టి ఊడలు దిగేటప్పుడు, కాయ ఊరేటప్పుడు బెట్ట తగిలితే తర్వాత ఎంత వాన కురిసినా పోయిన దిగుబడి తిరిగి రాదు.

పరిశోధకులు ముందు పెట్టెలు తెచ్చి పాతలేదు. చుట్టుపక్కల పల్లెల్లో రైతులకు ఏ సమాచారం కావాలో సర్వే చేశారు. ఏ రకం విత్తనం వేయాలి, ఎప్పుడు విత్తాలి, ఎప్పుడు పీకాలి, తెగుళ్లను ఎలా ఆపాలి, ఉన్న కాస్త నీటిని ఎలా వాడుకోవాలి అన్నవి ముందుకొచ్చాయి. ఆ అవసరాల నుంచే పరికరం ఎలా ఉండాలన్నది తేల్చుకున్నారు.

పదును ఎలా కొలుస్తారు?

మన పెద్దలు పిడికెడు మట్టి తీసి ఉండ కట్టి చూస్తారు. సెన్సరు చేసేది మరో రకం పరీక్ష. నేలలో గుచ్చిన పలుచని కడ్డీ చుట్టూ విద్యుత్ క్షేత్రాన్ని పుట్టించి, మట్టి దాన్ని ఎంత పట్టి ఉంచుతుందో చూస్తుంది. ఈ గుణాన్ని అంకెల్లో చెబితే గాలికి 1, పొడి మట్టికి 3 నుంచి 5, నీటికి సుమారు 80. తేడా ఇంత ఎక్కువ కాబట్టి మట్టిలో నీరు కొంచెం పెరిగినా అంకె మారుతుంది.

కాని ఎర్ర నేలకూ నల్లరేగడికీ ఒకే లెక్క సరిపోదు. కడ్డీకీ మట్టికీ మధ్య సందు ఉంటే ఉన్నదానికంటే తక్కువ పదును చూపిస్తుంది. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైతే అంకె తప్పుతుంది. అందుకే ఏ చేలో పెడితే ఆ చేని మట్టితోనే ముందు సరిచూడాలి. మట్టిని తూకం వేసి, ఎండబెట్టి, మళ్లీ తూకం వేసి పోల్చడం దీనికి పాత, నమ్మకమైన పద్ధతి.

బ్యాటరీ లెక్క

పెట్టెలో ఎక్కువ కరెంటు తినేది సెన్సరు కాదు, రేడియో. మాట పంపేటప్పుడే కాదు, ఎవరైనా పిలుస్తారేమోనని చెవి ఒగ్గి ఉన్నంత సేపూ అది కరెంటు వాడుతూనే ఉంటుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. రెండు పెన్సిల్ సెల్లుల్లో 2,400 మిల్లీఆంపియర్ గంటల నిల్వ ఉందనుకుందాం. రేడియో 20 మిల్లీఆంపియర్లు వాడుతూ ఆగకుండా పనిచేస్తే 120 గంటలు, అంటే 5 రోజుల్లో సెల్లులు అయిపోతాయి. అదే రేడియో 100 సెకన్లలో ఒక్క సెకను మేలుకుని మిగతా 99 సెకన్లు నిద్రపోతే సగటు వాడకం 0.2 మిల్లీఆంపియరుకు దిగుతుంది. అప్పుడు అవే సెల్లులు లెక్క ప్రకారం 500 రోజులు రావాలి. నిద్రలో పోయే కరెంటు, సెల్లులు వాటంతట అవే తగ్గిపోవడం కలుపుకున్నా ఏడాది దాటుతుంది. తక్కువ విద్యుత్ ఎలక్ట్రానిక్స్ పరిశోధనలో సగం పని ఇదే: ఎప్పుడు మేలుకోవాలి, ఎప్పుడు పడుకోవాలి. పక్క పెట్టె కూడా సరిగ్గా అదే సెకనులో మేలుకోకపోతే మాట అందదు కాబట్టి అన్ని గడియారాలూ కలిసి నడవాలి.

మాట ఎంత దూరం వెళ్తుంది?

తక్కువ శక్తి రేడియో మాట నేలకు ఆనుకుని ఉంటే దగ్గరలోనే చచ్చిపోతుంది. యాంటెనాను గుంజ మీద మనిషెత్తుకు లేపితే దూరం బాగా పెరుగుతుంది. శెనక్కాయ పొట్టి పంట కావడం ఇక్కడ కలిసొచ్చేదే. జొన్న, మొక్కజొన్నలాంటి ఎత్తు పంటలు, తడిసిన ఆకులు అలల్ని మింగేస్తాయి.

ఒక్క పెట్టె మాట ఊరిదాకా అందకపోతే ఒక చేలోది పక్క చేలోదానికి, అది ఆ పక్కదానికి అందిస్తూ పోతాయి. ఊళ్లో చేరిన సమాచారం మొబైల్ నెట్‌వర్కు మీద బెంగళూరుకు వెళ్తుంది.

మన దేశంలో ఇలాంటి పరికరాలు లైసెన్సు లేకుండా వాడుకునేందుకు 865–868 మెగాహెర్ట్జ్ పట్టీ ఉంది. ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తున్న లోరా పద్ధతి కూడా ఇక్కడ అందులోనే నడుస్తుంది. లోరా చాలా మెల్లగా మాట్లాడి చాలా దూరం పంపుతుంది. ఫొటోలు పంపడానికి పనికిరాదు గాని, గంటకొకసారి ఒక అంకె పంపడానికి అది చాలు.

అంకె వచ్చాక ఏం చేయాలి?

అసలు కథ ఇక్కడే. ఎకరానికి ఒక్క మిల్లీమీటరు నీరంటే సుమారు 4,047 లీటర్లు. 25 మిల్లీమీటర్ల తడి ఇవ్వాలంటే లక్ష లీటర్లకు పైగా కావాలి, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 20. బోరు లేని రైతుకు "నీ చేలో పదును అయిపోయింది" అని రేడియో చెబితే ఆ మాటతో ఆయన చేయగలిగింది ఏమీ లేదు. వాడిన ఆకు ఆ సంగతి ముందే చెప్పింది.

బోరులో కాస్త నీళ్లున్న రైతు సంగతి వేరు. ఒకటి రెండు తడులకే నీళ్లుంటే వాటిని ఏ వారం ఇవ్వాలన్నది పంటను నిలబెట్టే నిర్ణయం. ఆకు వాడకముందే వేళ్ల దగ్గర పదును తగ్గడం సెన్సరుకు తెలుస్తుంది. బోరు లేకపోయినా పనికొచ్చే సందర్భాలు రెండున్నాయి. ఒకటి విత్తడం: పైపై వానకు మోసపోకుండా కింద దాకా పదును దిగిందో లేదో తెలుసుకోవచ్చు. రెండోది పీకడం: నేల గట్టిపడ్డాక పీకితే కాయలు తెగి నేలలోనే మిగిలిపోతాయి.

అందుకే చెన్నకేశవపురం బృందం అంకెను ఒంటరిగా వదిలేయలేదు. పంట ఏ దశలో ఉంది, ఈ నేల ఎంత నీరు పట్టుకుంటుంది, ఇక్కడి వానల తీరు ఏమిటి అన్నవాటిని కలిపే పంట నమూనాలను సరిచూసుకోవడానికి ఆ కొలతలను వాడాలనుకున్నారు.

ఇప్పటి పరిశోధన

ఎలక్ట్రానిక్స్ డిజైన్ కేంద్రం ఇప్పుడు ఎలక్ట్రానిక్ సిస్టమ్స్ ఇంజినీరింగ్ విభాగంగా ఉంది. ప్రభాకర్ బృందం అక్కడ బయటి నుంచి శక్తిని పోగుచేసుకుని నడిచే పరికరాల మీద పనిచేస్తోంది. ఎండ, కదలిక, వేడిలో తేడా లాంటివాటి నుంచి చిటికెడు శక్తి తీసుకుని, కెపాసిటరులో దాచి, ఒక కొలత పంపి మళ్లీ పడుకోవడం దీని పద్ధతి. ఎండకు కొదవలేని మన తాలూకాలో ఇది ఆశ కలిగించే దారే. అయితే పలక మీద దుమ్ము తుడిచే మనిషి అప్పుడూ కావాలి.

మీ చేనికి ఎవరైనా సెన్సరు అమ్మడానికి వస్తే అడగాల్సినవి

1. మా మట్టితో సరిచూశారా?
2. వేరు ఉండే లోతులో ఎన్ని చోట్ల కొలుస్తుంది? ఎర్ర నేలలో పది గజాలకే పదును మారుతుంది.
3. సెల్లులు ఎన్నాళ్లు వస్తాయి, ఎంత తరచుగా మాట పంపితే?
4. సిమ్ ఖర్చు, ఏటా కట్టాల్సిన రుసుము ఎంత?
5. దుక్కికి తీగ తెగినా, ఎలుక కొరికినా బాగుచేసేవాళ్లు పావగడలో ఉన్నారా?
6. చెప్పే మాట ఏ భాషలో ఉంటుంది? కాగితాల మీద మనది కన్నడ, ఇంట్లో తెలుగు. "తేమ 14 శాతం" అంటే అమ్మకు అర్థం కాకపోవచ్చు. "ఇంకో నాలుగు రోజులకే పదును ఉంది" అంటే అర్థమవుతుంది.
7. ఆ మాట విని నేను మార్చుకోగల పని ఏమిటి?

చివరి ప్రశ్నకు జవాబు లేకపోతే మిగతా ఆరింటికీ ఎంత మంచి జవాబులొచ్చినా ఆ డబ్బు దండగే.