హైటెక్ సిటీ పక్కనే ఒక పాఠశాల
(మన పిల్లల విజ్ఞాన యాత్రల గురించి కొన్ని మాటలు)

శీతాకాలం రాగానే బళ్లలో ఎక్స్‌కర్షన్ మాట మొదలవుతుంది. బస్సుకింత, భోజనానికింత అని చీటీ ఇంటికొస్తుంది. కొందరు తల్లిదండ్రులు సంతకం చేసి పంపిస్తారు. కొందరు చేతిలో డబ్బు లేక, కొందరు ఆడపిల్ల కదా అని, మరికొందరు పదో తరగతి పరీక్షలు దగ్గర పడుతున్నాయని ఆ చీటీని పక్కన పెట్టేస్తారు. అలా ఇంట్లో ఉండిపోయిన పిల్లల్లో మన బస్తీల పిల్లలూ ఉంటారన్నది మనకందరికీ విదితమే.

విజ్ఞాన యాత్ర అంటే చదువుకు సెలవు అనుకోవడం పొరపాటు. మన పూర్వులు ప్రయాణాన్నే చదువుగా భావించారు. భూమ్మీద తిరిగి వెనకటి జాతుల గతి ఏమైందో చూసి తెలుసుకొమ్మని ఖురాన్ పలుచోట్ల బోధిస్తుంది. ఇమాం బుఖారీ హదీసుల కోసం ఊరూరూ తిరిగారు. ఇబ్న్ బతూతా 1325లో తాంజియర్ నుంచి హజ్ యాత్రకని బయలుదేరి, మన దేశంతో సహా ఎన్నో దేశాలు చూసి, ఆ అనుభవాలను గ్రంథంగా చెప్పి రాయించాడు. ఇక మన కాలానికి వస్తే, 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం బడిలో నేర్చినదాన్ని బడి బయటి జీవితంతో కలపాలని చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు పది రోజులు సంచి లేని బడి ఉండాలంది. పెద్దలు వెనకటికి చేసిన పనినే ప్రభుత్వాలు ఇప్పుడు కాగితం మీద రాస్తున్నాయి.

అయితే పిల్లల్ని ఎక్కడికి తీసుకుపోవాలి? దూరం పోనక్కర్లేదు. 1998 నవంబర్ 22న ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ తర్వాతే చుట్టుపక్కల రాళ్లగుట్టల మధ్య అద్దాల మేడలు వరసగా లేచాయి. మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం స్థాపన జరిగిందీ 1998లోనే; అది ఉన్నదీ ఆ పక్కనే, గచ్చిబౌలిలో. మన పిల్లలు ఈ మేడల్ని రోజూ చూస్తారు. ఇదంతా నిన్న మొన్న పుట్టిన ఊరని, ఇందులో తమవాళ్లు పెట్టినదేమీ లేదని అనుకుంటారు. ఆ అపోహ పోగొట్టడానికి ఒక్క రోజు, ఒక్క బస్సు చాలు.

పొద్దున్నే దుర్గం చెరువు దగ్గర మొదలుపెట్టవచ్చు. 2020 సెప్టెంబరులో తెరిచిన తీగల వంతెన చూడడానికి ఇప్పుడు జనం వస్తున్నారు గానీ, కింద ఉన్న నీళ్ల సంగతి అడిగేవారు తక్కువ. కుతుబ్ షాహీల కాలంలో ఈ చెరువు గోల్కొండకు తాగునీరిచ్చింది. దుర్గానికి నీళ్లిచ్చింది గనుకనే దుర్గం చెరువు అయిందంటారు. చెరువు ఒడ్డున నిలబెట్టి పిల్లల్ని ఒక ప్రశ్న అడగాలి: ఇక్కడి నీళ్లు అంత దూరంలో ఉన్న కొండకోటకు ఎలా చేరేవి? జవాబు మనం చెప్పకూడదు. కోటకు పోయాక వాళ్లే వెతుక్కోవాలి.

అక్కడి నుంచి గోల్కొండకు పోయే దారిలో, పాత బొంబాయి రోడ్డు మీద షేక్‌పేట సరాయి ఉంది. కుతుబ్ షాహీల నాటి రెండంతస్తుల కట్టడం. గోల్కొండకు వచ్చే వర్తకులు, బాటసారులు ఇక్కడ దిగేవారు. మనుషులకు గదులు, గుర్రాలకు, ఒంటెలకు చోటు, నమాజుకు పక్కనే మసీదు. దూరం నుంచి వచ్చినవాడికి నీడ చూపడం ఆనాడు రాజ్యం తన బాధ్యతగా తీసుకున్నదన్నమాట. ఈనాడు ఉద్యోగాల కోసం దేశం నలుమూలల నుంచి వచ్చి ఈ చుట్టుపక్కల హాస్టళ్లలో ఉంటున్న యువకుల్ని చూసిన పిల్లలకు ఆ సరాయి పని ఏమిటో విడమరచి చెప్పనవసరం లేదు.

ఇక గోల్కొండ. కాకతీయుల కాలంలో మట్టికోట. 1363లో ముసునూరి కాపయ నాయకుని నుంచి బహమనీల చేతికి వచ్చింది. 1518లో కుతుబ్ షాహీ రాజ్యానికి రాజధాని అయింది. ఫతే దర్వాజా కింద చప్పట్లు కొట్టి పైన బాలాహిస్సార్‌లో వినడం పిల్లలందరికీ సరదాయే. కొట్టనివ్వండి. ఆ తర్వాత మట్టి గొట్టాలు, రాతి కాలువలు, మెట్టుమెట్టుకూ ఉన్న నీళ్ల తొట్లు చూపించండి. పర్షియన్ చక్రాలతో నీటిని ఒక తొట్టి నుంచి పై తొట్టికి ఎక్కించేవారు. పొద్దున చెరువు దగ్గర అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడ దొరుకుతుంది. పుస్తకంలో చదివితే రేపు మరిచిపోతారు. కళ్లతో చూస్తే మరిచిపోరు.

1687లో ఔరంగజేబు సైన్యం చుట్టుముట్టినపుడు ఈ కోట ఎనిమిది నెలలు నిలిచింది. నీరు, ధాన్యం లోపలే ఉన్నాయి. చివరికి ఫిరంగులకు లొంగలేదు. లోపలివాడు చేసిన ద్రోహానికి లొంగింది. ఆ రాత్రి కూడా అబ్దుర్రజాక్ లారీ అనే సేనాని ఒళ్లంతా గాయాలతో పోరాడాడు. ముట్టడించినవారూ ముస్లిములే, ముట్టడికి గురైనవారూ ముస్లిములే. చరిత్రను మతం మతం మధ్య యుద్ధంగా మాత్రమే చెప్పేవారికి మన పిల్లలు ఈ ఒక్క మాటతో జవాబివ్వగలరు.

భాష సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇబ్రహీం కుతుబ్ షా రాజు కాకముందు ఏడేళ్లు విజయనగరంలో రామరాయల అతిథిగా ఉన్నాడు. తెలుగు కవులు ఆయన్ని ప్రేమగా మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. మన ఐ.టి. దారికి కొంచెం అవతల ఉన్న పటాన్‌చెరు అధికారి అమీన్ ఖాన్. అచ్చతెనుగులో తొలి కావ్యంగా చెప్పుకునే యయాతి చరిత్రను పొన్నెగంటి తెలగన ఆయనకు అంకితం చేశాడు. ఇబ్రహీం కొడుకు మహమ్మద్ కులీ, 1591లో హైదరాబాదు నగరం కట్టించినవాడు, దక్కనీలో గొప్ప కవి. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు మాట్లాడే మన పిల్లవాడు రెండు పడవల మీద కాలు పెట్టలేదు. నాలుగు వందల ఏళ్ల నాటి దారినే నడుస్తున్నాడు.

మధ్యాహ్నం భోజనం కాగానే దగ్గరలోనే ఉన్న సమాధులకు పోవాలి. అక్కడ ఆడపిల్లలకు ప్రత్యేకంగా చూపవలసింది హయాత్ బక్షీ బేగం సమాధి. సుల్తాను కూతురు, సుల్తాను భార్య, సుల్తాను తల్లి. కొడుకు అబ్దుల్లా చిన్నతనంలోనే గద్దెనెక్కితే రాజ్యభారం చూసుకున్న ఇల్లాలు. మాసాబ్ ట్యాంక్ అని మనం రోజూ అనే పేరు ఆమెను జనం పిలిచిన 'మా సాహెబా' నుంచి వచ్చిందే. ఆమె పేర 1666లో కట్టిన మసీదు ఆ ఆవరణలోనే ఉంది. ఆమె సమాధి దాకా మన ఆడపిల్లల్ని పంపడానికే వెనకాడితే ఎలా? రాజుల పక్కనే ఇద్దరు హకీములకూ సమాధులున్నాయి. వైద్యుడికి అంత గౌరవం దక్కింది. చివరి సుల్తాను తానాషా సమాధి మాత్రం అక్కడ లేదు. దౌలతాబాదులో ఖైదీగా చనిపోయి ఖుల్దాబాదులో మట్టి అయ్యాడు. ఆ ఖాళీ కూడా ఒక పాఠమే.

ఆగాఖాన్ సంస్థ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 2013 నుంచి ఈ ఆవరణను బాగుచేయించాయి. పూడిపోయిన మెట్లబావులు మళ్లీ నీళ్లతో నిండాయి. ఆ పనికి 2022లో యునెస్కో పురస్కారం వచ్చింది. పాతదాన్ని కాపాడడం కూడా ఒక విద్యేనని, అందులో రాతిపని, సున్నపుపని, ఇంజనీరింగు అన్నీ ఉన్నాయని పిల్లలకు తెలియాలి.

పొద్దుంటే గండిపేటతో ముగించవచ్చు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలాదిమందిని పొట్టన పెట్టుకుంది. ఆ దుఃఖం నుంచే విశ్వేశ్వరయ్యగారి సలహా మీద, ఏడవ నిజాం హయాంలో, 1920 నాటికి ఉస్మాన్ సాగర్ తయారైంది. వరదనూ ఆపింది, ఊరి దాహమూ తీర్చింది. దుర్గం చెరువుతో మొదలైన రోజు గండిపేటతో ముగిస్తే, ఊరిని నిలబెట్టేది నీళ్లేనని పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు.

చివరగా ఒక విన్నపం. యాత్రకు ముందురోజు పిల్లలకు నాలుగు ప్రశ్నలివ్వండి. తిరిగొచ్చాక ఉర్దూలోనో తెలుగులోనో రెండు పేజీలు రాయించండి. ఆడపిల్లల వెంట ఉపాధ్యాయినులు, ఇద్దరు ముగ్గురు తల్లులు ఉండేలా చూస్తే ఇంటి పెద్దల భయం పోతుంది. డబ్బు లేక ఆగిపోయే పిల్లల ఖర్చు సంఘ సభ్యులం తలా ఒకరం పెట్టుకుంటే అది మోయలేని భారమేమీ కాదు. పిల్లవాడి పేరు మాత్రం బయట పెట్టకూడదు. ఇచ్చే చేతికి మర్యాద అదే. వచ్చే శీతాకాలంలో చీటీ ఇంటికొచ్చినపుడు మన బస్తీలో ఒక్క పిల్ల కూడా కిటికీలోంచి బస్సును చూస్తూ నిలబడకూడదు. ఇన్‌షా అల్లాహ్, ఆ పని మనమే చేయగలం.