నిత్యనరకం: దిగువ కృష్ణా డెల్టాలో ఒక సిద్ధాంతం, ఒక మౌనం

ప్రవేశిక

క్రైస్తవ సిద్ధాంతాలలో నరకం తెలుగు నేలకు అత్యంత సులభంగా చేరినట్టు కనిపిస్తుంది. త్రిత్వం, ప్రాయశ్చిత్తం, పునరుత్థానం వంటి భావాలకు అనువాదకులు మాటలను వెదుక్కోవలసి వచ్చింది. నరకానికి ఆ శ్రమ లేదు. మాట సిద్ధంగా ఉంది, మాటతోపాటు చిత్రమూ సిద్ధంగా ఉంది. అయితే ఈ సౌలభ్యమే ఆ సిద్ధాంతానికి చిక్కు తెచ్చిపెట్టింది. నేడు ప్రధాన క్రైస్తవ సంఘాల ఆదివారపు ప్రసంగాలలో నరకప్రస్తావన అరుదు. ఉజ్జీవ సభలలో, కరపత్రాలలో మాత్రం అది బలంగానే వినిపిస్తుంది. ఈ మౌనాన్ని ఆధునిక విద్య ఫలితమనీ, పాశ్చాత్య ఉదారవాద ప్రభావమనీ వివరించడం పరిపాటి. ఆ వివరణ అసత్యం కాదు కాని అసంపూర్ణం. ఘంటసాల, మచిలీపట్నం, దివిసీమలతో కూడిన దిగువ కృష్ణా డెల్టాను ఆధారంగా తీసుకుని, ఈ మౌనానికి భాషలోనూ బంధుత్వంలోనూ ఉన్న మూలాలను పరిశీలించడం, దానివల్ల కలిగిన నష్టాన్ని గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందే ఉన్న నరకాలు

ఘంటసాల ప్రాచీన బౌద్ధ క్షేత్రం. ఇక్ష్వాకుల కాలపు నాగార్జునకొండ శాసనంలో ఉపాసిక బోధిసిరి చేసిన దానాల జాబితాలో కంటకసేలలోని మహాచైత్యం ప్రస్తావన ఉంది. టాలెమీ పేర్కొన్న రేవుపట్టణం కూడా ఇదేనని చరిత్రకారుల అభిప్రాయం. ఇక్కడి స్తూపావశేషాలను వర్ణిస్తూ అలెగ్జాండర్ రే 1894లో గ్రంథం ప్రకటించాడు. ఈ నేల మీద క్రైస్తవ బోధకుడు అడుగుపెట్టడానికి ఎన్నో శతాబ్దాల ముందే బౌద్ధమతం నరకభావాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. పాళీ వాఙ్మయంలోని దేవదూత సుత్తంలో యముడు పాపిని ప్రశ్నిస్తాడు, నరకయాతనలు వరుసగా వర్ణితమవుతాయి. ఆ యాతనలు ఎంత భయంకరమైనా వాటికి ఒక అవధి ఉంది. చేసిన పాపకర్మ క్షయించేవరకే జీవుడు అక్కడ ఉంటాడు.

పౌరాణిక నరకం కూడా ఈ విషయంలో భిన్నం కాదు. భాగవతం పంచమస్కంధం తామిస్రం, అంధతామిస్రం, రౌరవం మొదలుగా ఇరవై ఎనిమిది నరకాలను చెబుతుంది. తెలుగు భాగవతంలో ఆ స్కంధాన్ని రచించినవాడు గంగన. ఏ పాపానికి ఏ నరకమో అక్కడ లెక్క ఉంది. లెక్క ఉన్నచోట ముగింపు కూడా ఉంటుంది. పుణ్యం తరిగితే స్వర్గం నుంచి దిగవలసి వచ్చినట్టే, పాపం తరిగితే నరకం నుంచి బయటపడవచ్చు. అందువల్ల తెలుగువాడి మనసులో నరకం ఒక మజిలీ, అది చివరి ఊరు కాదు. దీనికి మినహాయింపు లేకపోలేదు. మధ్వాచార్యుల ద్వైతమతం తమోయోగ్యులైన జీవులకు శాశ్వతమైన అంధతమస్సును అంగీకరించింది. కాని ఆ అభిప్రాయం పండిత చర్చలకే పరిమితమైంది తప్ప సామాన్యుల నరకభావనను మార్చలేదు.

అనువాదంలో మూడు మాటలు

తెలుగు బైబిలు అనువాదచరిత్ర సుదీర్ఘమైనది. విశాఖపట్నంలో క్రాన్, డెగ్రాంజ్ అనే మిషనరీలు 1805 నుంచి అనువాదానికి పూనుకున్నారు. మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. ఆ తర్వాత పలువురి చేతులలో సవరణలు పొంది, నేటికీ అధికంగా వాడుకలో ఉన్న పాఠం స్థిరపడింది. ఆ పాఠంలో మరణానంతర లోకానికి సంబంధించి మూడు మాటలు ప్రధానంగా కనిపిస్తాయి. అవి పాతాళం, నరకం, అగ్నిగుండం.

హీబ్రూలోని షెయోల్‌కు, గ్రీకులోని హేడెస్‌కు పాతాళం అనే మాట నిలిచింది. లూకా సువార్తలోని ధనవంతుడు యాతనపడేది పాతాళంలోనే. కాని పురాణాల పాతాళం శిక్షాస్థలం కాదు. అది నాగుల సంపన్నలోకం. బలిచక్రవర్తి విష్ణువు అనుగ్రహంతో ఏలుతున్న సుతలం కూడా ఆ అధోలోకాల వరుసలోనిదే. యెరూషలేము పక్కనున్న హిన్నోము లోయ పేరునుంచి పుట్టిన గెహెన్నాకు నరకం అనే మాటను వాడారు. ప్రకటన గ్రంథంలోని అగ్నిసరస్సు తెలుగులో అగ్నిగుండమైంది. దానియేలు గ్రంథంలో ముగ్గురు యువకులు పడవేయబడి, ఏ హానీ లేకుండా బయటికి వచ్చిన కొలిమికీ అదే మాట. ఊరి జాతరలలో భక్తులు తొక్కేదీ అగ్నిగుండమే. దాన్ని తొక్కినవారి కాలు కాలదని విశ్వాసం. ఒకే మాట అంతిమ వినాశనాన్నీ, భక్తుడు క్షేమంగా దాటే పరీక్షనూ సూచించవలసి వచ్చింది.

ఈ మూడు మాటలలో ఏదీ శాశ్వతత్వాన్ని తనంత తానుగా చెప్పదు. ఆ భారమంతా నిత్య అనే విశేషణం మీద పడింది. నిత్యాగ్ని, నిత్యశిక్ష అనే సమాసాలు అలా ఏర్పడ్డాయి. తర్కశాస్త్రం చదివిన శ్రోతకు ఇక్కడే సందేహం కలుగుతుంది. చేయబడినది ఏదైనా అనిత్యమని తార్కికుల సూత్రం. పరిమితకాలం బతికిన మనిషి చేసిన పరిమిత కర్మకు ఫలం నిత్యమెలా అవుతుంది? ఇది స్థానికుల అజ్ఞానం నుంచి పుట్టిన ప్రశ్న కాదు. గ్రీకు మూలంలోని అయోనియోస్ అనే పదానికి అంతులేని కాలం అని అర్థమా, లేక రాబోవు యుగానికి చెందినది అని అర్థమా అనే వివాదం ఇంగ్లండులోనూ అదే శతాబ్దంలో రగిలింది.

1864: ఒక తీర్పు, ఒక ఉప్పెన

చర్చ్ మిషనరీ సొసైటీ తెలుగు మిషను 1841లో మచిలీపట్నంలో ఆరంభమైంది. హెన్రీ ఫాక్స్ గ్రామాలలో, ఉత్సవాలలో బోధించడానికీ, రాబర్ట్ నోబుల్ విద్యాబోధనకూ పూనుకున్నారు. నోబుల్ పాఠశాల 1843లో తెరుచుకుంది. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం పొందగా పట్టణం కలవరపడింది, పాఠశాల దాదాపు ఖాళీ అయింది. ఏడేళ్లకు రాఘవాపురంలో పగోలు వెంకయ్య బాప్తిస్మంతో ఉద్యమం దళితవాడలకు మళ్లింది.

మచిలీపట్నంలో మిషను వేళ్లూనుతున్న ఈ కాలంలోనే దాన్ని పంపిన సంఘంలో నిత్యనరకం వివాదాస్పదమైంది. నిత్యశిక్షను శంకించినందుకు ఎఫ్. డి. మారిస్ 1853లో లండన్ కింగ్స్ కళాశాలలో ఆచార్యపదవి కోల్పోయాడు. దక్షిణాఫ్రికాలో నటాల్ బిషపు కొలెన్సో 1861లో ప్రకటించిన రోమా పత్రిక వ్యాఖ్యానంలో అంతులేని శిక్షను నిరాకరించాడు. 1864 ఫిబ్రవరిలో ప్రివీ కౌన్సిల్ ఒక తీర్పు చెప్పింది. దుష్టులకు కూడా చివరికి క్షమ లభించవచ్చునని ఆశించడం ఇంగ్లండు సంఘపు నిబంధనలకు విరుద్ధం కాదన్నది దాని సారాంశం. అందరూ రక్షణ పొందుతారనే మతాన్ని ఖండించిన నిబంధన 1553 నాటి పాఠంలో ఉండేది, 1563లో దాన్ని తొలగించారు. తీర్పుకు నిరసనగా దాదాపు 11,000 మంది గురువులు నిత్యశిక్షను సమర్థించే ప్రకటన మీద సంతకాలు చేశారు.

ఆ ఏడాదే నవంబరు 1 రాత్రి తుపాను ఉప్పెన మచిలీపట్నాన్ని ముంచెత్తింది. సుమారు 30,000 మంది మరణించారు. మిషను బాలికల పాఠశాల పిల్లలు కూడా మృతులలో ఉన్నారు. తిరిగి 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. మృతులను సామూహికంగా దహనం చేయవలసి వచ్చింది, పూడ్చవలసి వచ్చింది. ఎవరు ఏ మతంవారో విడదీసే అవకాశం ఆ నీటికీ లేదు, ఆ చితులకూ లేదు. ఇటువంటి మరణాన్ని దైవకోపంగా వ్యాఖ్యానించే ప్రలోభానికి బైబిలులోనే నిషేధం ఉంది. సిలోయము గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిదిమంది తక్కినవారికంటె పాపులు కారని యేసు చెప్పినట్టు లూకా రాశాడు. వందలాది మృతదేహాల ముందు నిలబడిన బోధకునికి, విశ్వసించనివారంతా నిత్యాగ్నికి పోయారన్న మాట ఎంత బరువైనదో వేరే చెప్పనక్కరలేదు.

పూర్వుల ప్రశ్న

నిత్యనరక సిద్ధాంతానికి అన్నిటికంటె కఠినమైన పరీక్ష పూర్వుల విషయంలో ఎదురైంది. సువార్త వినకుండానే చనిపోయిన తాతముత్తాతల గతి ఏమిటి? ఇది ఒక్క తెలుగు దేశపు ప్రశ్న కాదు. జపానులో కొత్తగా క్రైస్తవులైనవారు తమ పితరులకు నరకం నుంచి విముక్తి లేదని విని దుఃఖించారని ఫ్రాన్సిస్ జేవియర్ 1552 నాటి లేఖలో రాశాడు. తద్దినాలతో, పిండప్రదానాలతో మృతులకు మేలు చేయవచ్చునని నమ్మిన సమాజానికి, ఇక చేయగలిగింది ఏమీ లేదన్న మాట రెండో మరణం వంటిది.

తెలుగు సాహిత్యం ఈ ప్రశ్నకు చాలా ముందే ఒక నైతిక సమాధానాన్ని రూపొందించింది. తిక్కన భారతంలోని స్వర్గారోహణ పర్వంలో ధర్మరాజు స్వర్గానికి పోయి అక్కడ దుర్యోధనుని వైభవాన్ని చూస్తాడు. తమ్ములు ఎక్కడ అని అడిగితే దేవదూత నరకానికి తీసుకుపోతాడు. ఆ దుర్గంధంలో తమ్ముల, ద్రౌపది ఆర్తనాదాలు విన్న ధర్మరాజు తిరిగి స్వర్గానికి పోవడానికి నిరాకరించి అక్కడే ఉంటానంటాడు. మార్కండేయ పురాణంలోని విపశ్చిత్తు కథ ఇంకొక అడుగు ముందుకు వేస్తుంది. తన సన్నిధివల్ల నరకవాసులకు ఉపశమనం కలుగుతోందని తెలిసి ఆ రాజు కదలడు. తన పుణ్యాన్ని ధారపోసి వారిని విడిపిస్తాడు.

ఇటువంటి కథలు విన్న సమాజంలో, తనవారు నరకంలో ఉండగా స్వర్గసుఖం అనుభవించేవాడు ధర్మాత్ముడు అనిపించుకోడు. క్రైస్తవ సంప్రదాయంలో ఈ భావానికి చోటు లేకపోలేదు. క్రీస్తు చెరలో ఉన్న ఆత్మలకు ప్రకటించాడనీ, మృతులకు కూడా సువార్త అందిందనీ పేతురు మొదటి పత్రిక చెబుతుంది. పాతాళానికి దిగిన క్రీస్తు అక్కడి బందీలను విడిపించాడన్న విశ్వాసం తూర్పు సంఘాల ఆరాధనలో ప్రముఖమైనది. తెలుగు క్రైస్తవానికి ప్రొటెస్టెంటు మిషన్లు అందించిన బోధలో మాత్రం ఈ భాగం వెనుకబడింది. నిర్ణయం బతికుండగానే జరగాలన్న హెచ్చరిక ముందుకు వచ్చింది. కాబట్టి సమాధి దగ్గర నిలిచిన కాపరికి రెండే దారులు మిగిలాయి. ఒకటి సిద్ధాంతాన్ని చెప్పి బంధువులను గాయపరచడం, రెండోది మౌనం. చాలామంది రెండోదాన్ని ఎన్నుకోవడం సహజం. ఈ మౌనాన్ని అవిశ్వాసమనడం కంటె మర్యాద అనడం సముచితం.

సంస్థాగత మార్పు కూడా ఇందుకు తోడ్పడింది. దుష్టులు నిత్యాగ్నికి పోతారని ప్రకటించే అతనాసియస్ విశ్వాసప్రమాణం ఇంగ్లండు సంఘపు ప్రార్థన పుస్తకంలో ఉండేది. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం అపొస్తలుల, నైసీయ విశ్వాసప్రమాణాలను మాత్రమే ఆధారంగా స్వీకరించింది. రోమను కతోలిక సంఘంలో 1999లో రెండో జాన్ పాల్ పోపు నరకాన్ని ఒక స్థలంగా కాక, దేవునినుంచి వేరుపడిన స్థితిగా వివరించాడు.

మౌనంలో పోయినది

ఈ మౌనానికి ఒక మూల్యం ఉంది. దిగువ డెల్టాలో క్రైస్తవాన్ని స్వీకరించిన వారిలో అధికసంఖ్యాకులు దళితులు. కర్మసిద్ధాంతం వారి దుస్థితిని పూర్వజన్మ పాపఫలంగా వివరించింది. అంటే వారు బతుకుతున్న వాడే వారి శిక్షాస్థలమన్నమాట. లూకా చెప్పిన ధనవంతుడు, లాజరు కథ ఈ వివరణను తలకిందులు చేసింది. వాకిట పడి ఉన్న బీదవానికి పేరుంది, లోపల విందారగించే ధనవంతునికి పేరు లేదు. మరణానంతరం యాతనపడేది ధనవంతుడే. అతని తప్పుగా కథ చూపేది వాకిటిలోని మనిషిని పట్టించుకోకపోవడం. గడప దాటి లోపలికి రాగూడని మనుషులకు ఈ వాకిలి ఉపమానం మాత్రమే కాదు, నిత్యానుభవం. మత్తయి ఇరవై అయిదో అధ్యాయంలోని తీర్పు కూడా ఆకలిగొన్నవానికి అన్నం పెట్టావా అన్న ప్రశ్న మీదనే నడుస్తుంది. ఈ పాఠాలలో నరకం అన్యమతస్థుల నివాసంగా కాక, అన్యాయానికి లెక్క అడిగే చోటుగా కనిపిస్తుంది.

గుర్రం జాషువ (1895–1971) రచనలలో ఈ న్యాయాకాంక్ష మరో రూపం తీసుకుంది. 1941 నాటి గబ్బిలంలో అరుంధతీసుతుడు కర్మసిద్ధాంతాన్ని నిలదీస్తాడు. కాని శత్రువులను నరకానికి పంపడు, తన మొరను శివునికి పంపుతాడు. రంగస్థలం మీద సత్యహరిశ్చంద్ర నాటకం ద్వారా ఊరూరా వినిపించిన శ్మశానవాటి పద్యాలలో రాజునూ పేదనూ సమం చేసేది కాటినేల. క్రైస్తవుడైన కవి సమత్వాన్ని అగ్నిగుండంలో కాక మట్టిలో చూపడం గమనార్హం. అయితే మట్టి సమం చేస్తుంది కాని లెక్క అడగదు. బాధితుడికీ బాధించినవాడికీ అది ఒకే పడక పరుస్తుంది.

ఉపసంహారం

దిగువ కృష్ణా డెల్టాలో నరకం గురించిన మౌనం దిగుమతి అయినది మాత్రమే కాదు. అవధి ఉన్న నరకాన్ని మాత్రమే ఎరిగిన భాష, తనవారిని విడిచి స్వర్గం కోరని కథాసంప్రదాయం, మతం చూడకుండా ముంచే సముద్రం కలిసి దాన్ని పెంచాయి. ఈ మౌనం దయతో మొదలైంది. కాని నరకం అన్న ఒక్క మాటలో రెండు వేర్వేరు విషయాలు ఇమిడి ఉన్నాయి. ఒకటి విశ్వసించని పూర్వులకు శాశ్వత శిక్ష, రెండోది వాకిటి మనిషిని తొక్కినవాడు తప్పించుకోలేని తీర్పు. మొదటిదాన్ని పలకడానికి సంకోచించిన వేదిక రెండోదాన్ని కూడా పలకడం మానుకుంది. ఉజ్జీవ సభలలో వినిపించే నరకం మొదటిదాన్నే పట్టుకుంది. తెలుగు క్రైస్తవ సాహిత్య చరిత్రలో ఈ రెండింటినీ వేరుచేసి చూడడం అవసరం. అప్పుడే పూర్వులకు చేసిన గాయాన్ని మళ్లీ రేపకుండా, లాజరు తరఫున అడగవలసిన లెక్కను అడగడం సాధ్యమవుతుంది.