పగడాల పెంపకపు తొట్ల ప్లంబింగ్

ఇంట్లో పగడాల ముక్కలను పెంచే అనేక ఉప్పునీటి తొట్లను ఒకే సంపుకు కలిపే పైపులు, వాల్వులు, పంపుల ఏర్పాటు ఇది. మందార కొమ్మ విరిచి నాటితే మొక్కయినట్టే, రాతి పగడం కొమ్మను విరిచి సిమెంటు బిళ్లకు అంటిస్తే కొత్త గుత్తిగా ఎదుగుతుంది. గుత్తులు పెరిగేకొద్దీ తొట్లు పెరుగుతాయి, తొట్లు పెరిగితే పైపులూ పెరుగుతాయి. ఈ పైపుల చరిత్ర చాలాకాలం నీళ్లను కలపడం చుట్టూనే తిరిగింది. ఇటీవలి భాగమంతా కలిపినదాన్ని మళ్లీ విడదీయడానికి పడిన పాట్లు.

పగడాల పెంపకానికి వందేళ్ల ముందే సంపు పుట్టింది. విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ 1864లో హాంబర్గ్‌లోను, 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లోను నిర్మించిన అక్వేరియాలలో, జనం చూసే తొట్ల కింద చీకటి జలాశయం ఉండేది. పైన ఉన్న నీటికి కొన్ని రెట్ల నీరు అందులో నిలిచేది. వెలుతురు లేదు కాబట్టి నాచు పట్టదు. నీరు ఎక్కువ కాబట్టి వేడి గానీ మలినం గానీ త్వరగా పెరగదు. ఆ నీటిని పంపులు నిరంతరం పైకి తోడేవి. సముద్రజీవులకు లోహం విషమని తెలిసి, పైపులకు గట్టి రబ్బరు వాడారు. నేటి పెంపకందారు పీవీసీ కొనేటప్పుడు పాటించేది ఆ నియమాన్నే: ఉప్పునీటికి రాగి, ఇత్తడి తగలకూడదు.

ఇళ్లలో కథ ఆలస్యంగా మొదలైంది. ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ సజీవ శిలలతో, గాలి బుడగలతో పగడాలను బతికించిన పద్ధతిని 1961లో ప్రకటించాడు; అందులో ప్లంబింగ్ దాదాపు లేదు. బెర్లిన్‌లో డీట్రిచ్ స్టూబర్ పెంచిన అక్రోపోరా అనే రాతి పగడం ముక్కలు చేతులు మారుతూ దేశాలు దాటాయి. అమెరికాలో 1986లో జార్జ్ స్మిట్ రాసిన ‘మినీ రీఫ్’ వ్యాసాలతో, తొట్టి అంచు దాటి పొంగిన నీరు కింది వడపోత పెట్టెలోకి జారే పద్ధతి ఇంటింటికీ చేరింది. ఆ వడపోతతో నైట్రేట్ పేరుకుంటుందని తేలాక లోపలి ప్లాస్టిక్ బంతులను తీసేశారు గానీ, కింది పెట్టెను ఎవరూ వదులుకోలేదు.

రాతి పగడాలన్నిటి అంతర్జాతీయ వ్యాపారం 1990 నాటికి వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందపు అనుమతుల కిందికి వచ్చింది. భారత్‌లో 2001 నుంచి ఇవి వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి; మన సముద్రంలోంచి తీయడం నేరం. పెంచిన ముక్కకు విలువ రావడానికి ఇదొక కారణం. 1990లలో అమెరికాలో ఐడహో, మిచిగన్ వంటి సముద్రం లేని రాష్ట్రాల్లో కూడా పగడాల పెంపకం సాగింది.

తర్వాతి దశాబ్దంలో అసలు సమస్య శబ్దం, వరద. పైపులో నీళ్లతోపాటు గాలి పోతే గుటగుట చప్పుడు. డర్సో అనే పైపు టీ (T) ఆకారపు జాయింటు మూతలో చిన్న రంధ్రం పెట్టి దాన్ని తగ్గించింది. ‘హెర్బీ’ పద్ధతిలో ఒక పైపును గేట్ వాల్వుతో సరిచేసి పూర్తి సైఫన్‌గా, అంటే గాలి లేకుండా నిండా నీటితో, నడిపి, రెండోదాన్ని ఆపద్ధర్మంగా ఉంచారు. ‘బీన్ యానిమల్’ మూడో పైపు చేర్చింది: సైఫన్ ఒకటి, మిగిలిన కొద్దిపాటి నీటికి ఒకటి, అవి మూసుకుపోతే పొడిగా వేచి ఉండేది ఒకటి. రాత్రంతా పంపు నడవాల్సిన ఇంట్లో ఇంతకంటే తెలివైనది రాలేదు.

కరెంటు పోయినప్పుడే డిజైన్ బయటపడుతుంది. 120 సెం.మీ. పొడవు, 60 సెం.మీ. వెడల్పున్న తొట్టిలో మట్టం 2.5 సెం.మీ. తగ్గితే 18 లీటర్లు కిందికి దిగుతాయి. అలాంటివి మూడుంటే 54. సంపులో అంత ఖాళీ ఎప్పుడూ ఉండాలి. పైకి నీరిచ్చే పైపు మూతి మునిగి ఉంటే సైఫన్ తిరగబడి ఇంకా ఎక్కువ లాగుతుంది, అందుకే నీటి మట్టం దగ్గర చిన్న రంధ్రం వేస్తారు. చెక్ వాల్వును నమ్మడం అమాయకత్వం. ఒక్క నత్త ఇరుక్కుంటే అది మూసుకోదు.

అక్రోపోరాను పట్టే ఎర్రపురుగు, దాన్ని తినే చదునుపురుగు విస్తరించాక కలిపిన నీళ్లే శత్రువయ్యాయి. ఎర్రపురుగును చంపే మిల్బెమైసిన్ మందు రొయ్యలనూ పీతలనూ చంపుతుంది. చదునుపురుగు గుడ్లు మందునీళ్లలో ముంచినా బతుకుతాయి. కనుక ప్రతి తొట్టికి లోపలికీ బయటికీ వేర్వేరు వాల్వులు, పక్కనే విప్పదగిన యూనియన్‌లు, ట్యాంకు నిపిల్ దగ్గర చేయి పట్టే చోటు అవసరమయ్యాయి. ఏ ఒక్కదాన్నీ ఆపినా మిగతావి నడవాలి. ఆపిన తొట్టికి సొంత పంపు, హీటర్ ఉండాలి. కొత్తగా తెచ్చిన పగడాల తొట్టిని చాలామంది ఈ ఉమ్మడి నీటికి అసలు కలపరు. దాని బకెట్లనూ పట్టకార్లనూ కూడా వేరుగా ఉంచుతారు.