మూడోసారి అన్నాక కూడా డబ్బులివ్వకపోతే?

పోయిన నెలలో నా పాత కెమెరా ఒకటి ఆన్‌లైన్ వేలంలో పెట్టాను. ఐదు రోజుల గడువు. ఆఖరి రోజు రాత్రి ఇద్దరు పోటీపడి పెంచుకుంటూ పోతే పాట 21,000 దగ్గర ఆగింది. "మీ వస్తువు అమ్ముడైంది" అని మెయిలొచ్చింది. డబ్బులు మాత్రం రాలేదు. పాడినాయన మొదటి రెండు రోజులు రేపు రేపన్నాడు, తర్వాత "మా ఇంట్లో వద్దంటున్నారండీ" అన్నాడు, ఆ తర్వాత ఫోనెత్తడమే మానేశాడు. రెండో పాటగాడిని అడిగితే అతను అప్పటికే వేరేది కొనేశాట్ట. చివరికి ఆఫీసులో ఒకతనికి 16,500కి ఇచ్చేశాను. 4,500 నష్టం. డబ్బు సంగతి అలా ఉంచితే, ఇతన్ని మనమేం చెయ్యలేమా అన్న ఉక్రోషం మాత్రం పోలేదు. ఆ ఉక్రోషంతో చదివిందే ఇదంతా.

ఈ తగాదా చాలా పాతది. 1789లో లండన్‌లో ఒక వేలం. వస్తువేంటంటే, సారా కాచేటప్పుడు ఆవిరిని చల్లార్చే చుట్టల గొట్టం, దాని తొట్టీ. ఒకాయన 40 పౌన్లకి పాడాడు. అంతకు మించి ఎవరూ పాడలేదు. వేలంవాడు ఇంకెవరైనా పెంచుతారేమోనని సాగదీస్తున్నాడు. ఈలోగా మన పాటగాడికి ఆ గొట్టం బరువు మీద అనుమానం వచ్చింది. బరువుకి నువ్వు హామీ ఇస్తావా అన్నాడు, వేలంవాడు ఇవ్వనన్నాడు, అయితే నాకొద్దు అని ఇతను వెనక్కి తగ్గాడు. తర్వాత అదే సరుకు 30 పౌన్లకి పోయింది. యజమాని కోర్టుకెక్కాడు. పెయిన్ వర్సెస్ కేవ్ అని లా చదివినవాళ్ళందరికీ తెలిసిన కేసిది. యజమాని ఓడిపోయాడు. పాట అనేది కేవలం "ఇంతకి కొంటాను" అనే ప్రతిపాదన, సుత్తి పడితేనే అవతలివాడు ఒప్పుకున్నట్టు, అప్పటిదాకా ఎవరైనా వెనక్కి తీసుకోవచ్చు అన్నారు జడ్జీలు. మన భాషలో చెప్పాలంటే సుత్తి దెబ్బే కమిట్. దానికి ముందు రోల్‌బ్యాక్ చేసుకోవచ్చు, తర్వాత కుదరదు.

ఆ సూత్రమే 1893లో బ్రిటిష్ వాళ్ళ సరుకుల అమ్మకం చట్టంలోకీ, అక్కణ్ణుంచి 1930లో మన సేల్ ఆఫ్ గూడ్స్ యాక్టులోకీ వచ్చి కూర్చుంది. మన దాంట్లో 64వ సెక్షను. సుత్తి దెబ్బతో గానీ "వాడుకలో ఉన్న మరో పద్ధతిలో" గానీ ప్రకటిస్తే అమ్మకం పూర్తయినట్టే అంటుంది. మన ఊళ్ళల్లో చెరువులో చేపలు పాడినా, సంతలో ఆశీలు పాడినా "మూడోసారి" అనడం ఆ మరో పద్ధతే. నా లెక్కలో టైమరు సున్నాకి రావడం కూడా అంతే.

కానీ జర్మనీ వాళ్ళు అలా అనుకోలేదు. అక్కడ ఒక నగల వర్తకుడు ఈబేలో ఒక్క యూరో నుంచి మొదలుపెట్టి వజ్రాల బ్రేస్‌లెట్ వేలం వేశాడు. అందరికన్నా ఎక్కువ పాడినాయన తీసుకోను, డబ్బివ్వను అన్నాడు. వర్తకుడు దావా వేశాడు. 2004 నవంబరులో అక్కడి ఫెడరల్ కోర్టు ఏమందంటే, సుత్తి కొట్టేవాడే లేడు, టైమైపోయి ఆగింది కాబట్టి ఇది చట్టం చెప్పే వేలం కాదు, మామూలు దూరపు అమ్మకం. వర్తకుడి దగ్గర కొన్న వినియోగదారుడికి మనసు మార్చుకునే హక్కుంది. వర్తకుడు ఓడిపోయాడు. మీరూ నేనూ ఇంట్లో పాత సామాను అమ్ముకుంటే మాత్రం అక్కడా కొన్నవాడికి ఆ వెసులుబాటు లేదు. అదే కోర్టు 2001లో, కారు మరీ చవగ్గా పోయిందని మాట తప్పబోయిన అమ్మకందారుణ్ణి వదల్లేదు లెండి.

ఈబే పుట్టింది 1995లో. అందులో మొదట అమ్ముడైంది 14.83 డాలర్లకి ఒక పాడైపోయిన లేజర్ పాయింటర్ అని చెప్తారు. ఇలాంటి చిల్లర బేరాలకి కోర్టుకెవడెళ్తాడు? అందుకే మంచీ చెడూ రాసే ఫీడ్‌బ్యాకే అక్కడ పోలీసూ జడ్జీ అయ్యింది. ఎగ్గొట్టినవాడి పేరు పక్కన ఎర్ర గుర్తు పడేది. 2008లో అమ్మేవాళ్ళు కొనేవాళ్ళకి చెడ్డ రేటింగ్ ఇచ్చే అవకాశం తీసేశారు. అమ్మకందారుల చేతిలో ఉన్న ఒక్క కర్ర అలా పోయింది.

అలాగని పెద్ద బేరాల్లో ఎగ్గొట్టరనుకునేరు. 2009 ఫిబ్రవరిలో పారిస్‌లో క్రిస్టీస్ వాళ్ళు ఈవ్ సాం లోరాఁ సేకరణని వేలం వేశారు. అందులో ఎలక తల, కుందేలు తల, రెండు కంచు బొమ్మలు. 1860లో బ్రిటిష్, ఫ్రెంచి సైన్యాలు బీజింగ్ వేసవి భవనాన్ని దోచినప్పుడు పోయిన సొత్తు. ఫోన్లో ఎవరో ఒక్కో తలకి కోటీ నలభై లక్షల యూరోలు పాడారు. కొద్ది రోజులకి సై మింగ్‌చావ్ అనే చైనా వర్తకుడు బీజింగ్‌లో పత్రికల వాళ్ళని పిలిచి, పాడింది నేనే, డబ్బు కట్టను, ఇది నా దేశం పట్ల నా బాధ్యత అన్నాడు. అమ్మబోయిన పియేర్ బెర్జే బొమ్మలు తన దగ్గరే ఉంచుకుంటానన్నాడు. 2013లో క్రిస్టీస్ యజమానులైన పినో కుటుంబం ఆ రెండు తలల్నీ చైనాకి తిరిగి ఇచ్చేసింది. ఎగవేత అని తిట్టాలో, దొంగసొత్తుకి డబ్బేంటని మెచ్చుకోవాలో నాకిప్పటికీ తేల్లేదు. నా కెమెరాగాడికి మాత్రం దేశభక్తి లాంటి కారణమేమీ లేదు.

సరే, మన చట్టం సంగతి. తెనాల్లో ప్లీడరీ చేసే మా బాబాయికి ఫోన్ చేశాను.

"బాబాయ్, వాడి మీద చీటింగ్ కేసు పెట్టొచ్చా?"

"మొదట్నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించగలవా? లేకపోతే అది సివిల్ తగాదారా, స్టేషన్లో తీసుకోరు. నువ్వు అమ్మినవాడివి, వినియోగదారుల కోర్టు నీకు పనికిరాదు. ధర ఇప్పించమనో, కొననన్నందుకు నష్టపరిహారమనో సివిల్ దావా వెయ్యాలి. మూడేళ్ళ టైముంది. సరుకు ఇంకా నీ దగ్గరే ఉందా?"

"వేరేవాళ్ళకి అమ్మేశాను."

"అమ్మేముందు వాడికి నోటీసిచ్చావా?"

ఇవ్వలేదు. బాబాయి నవ్విన నవ్వు ఇంకా చెవిలో ఉంది. అదే 54వ సెక్షను. డబ్బు రాని అమ్మకందారు "ఫలానా రోజులోగా కట్టకపోతే మళ్ళీ అమ్ముతా" అని నోటీసిచ్చి, సరిపడా గడువిచ్చి, అప్పుడు అమ్మితే తగ్గిన సొమ్ముని మొదటివాడి దగ్గర వసూలు చేసుకోవచ్చు. కుళ్ళిపోయే సరుకైతే నోటీసు అక్కర్లేదు. నోటీసు లేకుండా అమ్మితే ఆ నష్టం అడగలేం. పైగా రెండోసారి ఎక్కువకి పోతే ఆ లాభం కూడా ఎగ్గొట్టినవాడికే చెందుతుంది! అంటే నా కెమెరా 25,000కి పోయుంటే నేనే వాడికి 4,000 బాకీ పడేవాణ్ణన్నమాట.

కోర్టు వేలాల్లో మాత్రం ఈ తలనొప్పి పెట్టుకోలేదు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం స్థిరాస్తి పాడినవాడు అక్కడికక్కడే నాలుగో వంతు కట్టాలి, మిగతాది పదిహేను రోజుల్లో. కట్టకపోతే మళ్ళీ వేలం, తగ్గిన సొమ్ము మొదటివాడి నెత్తిన. కట్టిన నాలుగో వంతూ కోర్టు చేతిలో ఉంటుంది. ముందు డబ్బు, తర్వాత మాట.

నా దగ్గర ఆ కెమెరా తాలూకు లెన్సు ఇంకోటుంది. మళ్ళీ వేలంలో పెట్టాను, ఈసారి పాడేవాళ్ళు రెండు వేలు ధరావతు ముందే పంపాలని రాశాను. తొమ్మిది రోజులైంది, ఇంకా ఒక్క పాటా రాలేదు.