అక్టోబరులో మూడు తేదీలు

మదురై దాటి కన్యాకుమారికి పోయే మన యాత్రికుల బస్సులు విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి, కయత్తారు మీదుగానే వెళ్తాయి. పల్లీపట్టీల కోసం కోవిల్‌పట్టిలో ఆగేవాళ్ళుంటారు. చరిత్ర కోసం ఆగేవాళ్ళు తక్కువ. ఈ నల్లరేగడి నేల మీద అక్టోబరు నెలలో మూడు రోజుల తేడాతో రెండు వర్ధంతులు వస్తాయి. వాటి మధ్య 157 ఏళ్ళ ఎడం. రెండింటితోనూ మనకు చుట్టరికం ఉంది.

మొదటిది అక్టోబరు 13. 1956 జూలై 27న విరుదునగర్ దేశబంధు మైదానంలో అరవై దాటిన శంకరలింగనార్ అనే గాంధేయవాది నిరాహార దీక్షకు కూర్చున్నాడు. ఆయన కోరికలు పన్నెండు. మద్రాసు రాష్ట్రానికి తమిళనాడు అని పేరు పెట్టాలన్నది వాటిలో ప్రధానం. అన్నాదురై, జీవానందం వంటివాళ్ళు దీక్ష మానమని బతిమాలారు. ఆయన వినలేదు. డెబ్బై రోజులు దాటాక, ఒంట్లో ఏమీ మిగలని దశలో మదురై ఆసుపత్రికి తరలిస్తే అక్కడే కన్నుమూశాడు.

అప్పటి ముఖ్యమంత్రి కామరాజ్. ఆయన 1903 జూలై 15న పుట్టింది కూడా విరుదునగర్‌లోనే. దీక్ష పట్టినాయన కాంగ్రెసులో పెరిగినవాడు, ప్రభుత్వం కాంగ్రెసుది, ఊరేమో ముఖ్యమంత్రి సొంతూరు. అయినా పని కాలేదు.

తెలుగువాడికి ఇక్కడ పొట్టి శ్రీరాములు గుర్తుకు రాక మానడు. 1952 అక్టోబరు 19న మద్రాసు మైలాపూరులో, బులుసు సాంబమూర్తి గారింట్లో ఆయన దీక్ష మొదలైంది. డిసెంబరు 15 రాత్రి ప్రాణం పోయింది. ఆంధ్ర జిల్లాలు భగ్గుమన్నాయి. నాలుగు రోజులకే, 19న, నెహ్రూ ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రకటించాడు. శంకరలింగనార్ చావుకు అంత వేడి పుట్టలేదు. విరుదునగర్ అప్పటికి జిల్లా కేంద్రం కూడా కాదు, మిరపకాయలూ పత్తీ నూనెలూ అమ్మే వర్తకుల ఊరు. ఏ త్యాగం ఎంత బరువు తూగుతుందో అది జరిగిన చోటును బట్టి కూడా ఉంటుందేమో అని నా అనుమానం.

విచిత్రమేమిటంటే, ఆయన అడిగింది అప్పటికి సగం జరిగిపోయిన పనే. తెలుగువాళ్ళం 1953 అక్టోబరు 1న వేరుపడ్డాం. శంకరలింగనార్ పోయిన మూడు వారాల లోపే, 1956 నవంబరు 1న, మలబారు కేరళకూ దక్షిణ కన్నడం మైసూరుకూ వెళ్ళాయి. మిగిలిందంతా దాదాపు తమిళదేశమే. పేరు మాత్రం మద్రాసు. అది మారడానికి 1967 ఎన్నికలు కావలసివచ్చాయి. ఆ ఎన్నికల్లో కామరాజ్ విరుదునగర్‌లోనే ఓ విద్యార్థి నాయకుడి చేతిలో 1,285 ఓట్ల తేడాతో ఓడిపోయాడు. ఆ జూలై 18న అన్నాదురై ప్రభుత్వం శాసనసభలో పేరు మార్పు తీర్మానం నెగ్గించింది. 1969 జనవరి 14న కొత్త పేరు అమల్లోకి వచ్చింది. ఇరవై రోజులకే అన్నాదురై కూడా పోయాడు. ఇప్పుడు తమిళనాడు దినం ఏదంటే జూలై 18 అంటున్నారు. నన్నడిగితే అక్టోబరు 13కే హక్కు ఎక్కువ.

రెండో తేదీ అక్టోబరు 16. కోవిల్‌పట్టి నుంచి తిరునెల్వేలి దారిలో వచ్చే కయత్తారులో 1799లో ఆ రోజున కంపెనీ సైన్యాధికారి మేజర్ బానర్మన్ చుట్టుపక్కల పాళెగాళ్ళందర్నీ పిలిపించి, వాళ్ళ కళ్ళెదుటే పాంచాలంకురిచ్చి పాళెగాడు వీరపాండ్య కట్టబొమ్మన్ మీద విచారణ నడిపించాడు. ఆనాడే చింతచెట్టుకు ఉరి తీయించాడు. కప్పం దగ్గర మొదలైన తగువు కలెక్టర్ జాక్సన్‌తో రామనాథపురంలో రచ్చకెక్కి, చివరికి పాంచాలంకురిచ్చి కోట ముట్టడిదాకా వచ్చింది. తప్పించుకున్న కట్టబొమ్మన్‌ను పట్టి అప్పగించినవాడు పుదుక్కోట తొండమాన్. సరిగ్గా రెండు వందల ఏళ్ళకు, 1999 అక్టోబరు 16న, తపాలా శాఖ కట్టబొమ్మన్ బొమ్మతో బిళ్ళ విడుదల చేసింది.

కట్టబొమ్మన్‌ది రాజకంబళం నాయకుల వంశం. ఇంటిభాష తెలుగు, కొలిచే దేవత జక్కమ్మ. ఇలాంటి తెలుగు కుటుంబాలు ఈ నేలకు ఎలా చేరాయో కోవిల్‌పట్టి పక్కనే ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ తన ‘గోపల్ల గ్రామం’ నవలకు ఇతివృత్తంగా తీసుకున్నాడు. ఆయనదీ తెలుగిల్లే. అయితే కట్టబొమ్మన్‌కు ఎదురుగా కంపెనీ పక్షాన నిలిచిన ఎట్టయపురం పాళెగాడిది కూడా ఇదే వంశం. 1959లో శివాజీ గణేశన్ సినిమా వచ్చాక కట్టబొమ్మన్ ఇంటింటి వీరుడయ్యాడు, ఆ ఎట్టయపురం పాళెగాడు ఎట్టప్పన్ పేరు తమిళంలో ద్రోహి అనే తిట్టుగా స్థిరపడింది.

ఆ తిట్టు న్యాయమా అంటే, ఎట్టయపురానికి ఇంకో ముఖం ఉంది. ముత్తుస్వామి దీక్షితులు చివరి రోజులు గడిపింది ఆ సంస్థానం నీడలోనే. 1835 అక్టోబరు 21న అక్కడే తుదిశ్వాస విడిచారు. సమాధి కూడా అక్కడే. 1882 డిసెంబరు 11న సుబ్రహ్మణ్య భారతి పుట్టిన ఊరూ అదే. ద్రోహి అనిపించుకున్న ఇంటికే ఇవన్నీ దక్కాయి.

దీక్షితుల సంగతిలో మాత్రం అక్టోబరు 21 పుస్తకాల్లోని తేదీ. ఆయన పోయింది నరక చతుర్దశినాడు. సంగీతం తెలిసినవాళ్ళు పట్టించుకునేది ఆ తిథినే. అందుకే కయత్తారు వర్ధంతి ఏటా 16నే వచ్చినా, పక్కనున్న ఎట్టయపురంలో దీక్షితుల ఆరాధన ఒక్కో ఏడు నవంబరులోకి జరిగిపోతుంటుంది.